ఎండకు కారు అంటుకోదు

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ రోజుల్లో హైవే పక్కన పాత కారొకటి తగలబడితే చూసినవాళ్లంతా ఒకటే మాట అంటారు: ఎండ వేడికి అంటుకుంది. వినడానికి సబబుగానే ఉంటుంది గాని లెక్కకు నిలవదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు బానెట్ మీద చెయ్యి పెట్టలేం, నిజమే. అయినా ఆ రేకు వేడి నూరు డిగ్రీలకు చేరదు. నిప్పురవ్వ లేకుండా పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి. ఇంజిన్ ఆయిల్, డీజిల్ కూడా అంత దగ్గరి లెక్కలోనే ఉంటాయి. ఆ వేడి ఎండ ఇచ్చేది కాదు. నడుస్తున్న ఇంజిన్ పక్కనే ఉండి, కాలిన పొగను బయటికి మోసే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అనే గొట్టం ఇస్తుంది. దాని వేడి మామూలుగా 400 డిగ్రీలు, బరువు మీద గడ్డ ఎక్కుతుంటే 700 దాకా.

రవ్వ ఉంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల కింద కూడా రవ్వకు అంటుకుంటుంది. అంటే డిసెంబరు తెల్లవారుజామున చలికి వణుకుతున్నప్పుడు కూడా, లీకయిన పెట్రోలుకు చిన్న రవ్వ దొరికితే చాలు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఎండ ఎంత ఉందని కాదు. కారకూడని ద్రవం ఏది కారింది, అది ఏ వేడి మీద, ఏ రవ్వ దగ్గర పడింది? పదిహేనేళ్లు దాటిన బండిలో ఈ రెండూ కలవడానికి దారులు చాలా ఉంటాయి. ఎండ చేసే పని ఆ దారులను ఏళ్ల తరబడి నెమ్మదిగా తెరవడం.

రబ్బరు ముసలిదవడం

ఇంజిన్ గదిలో ముందుగా పాడయ్యేది ఇనుము కాదు, రబ్బరు. పెట్రోలు పైపు లోపలి వైపు ఇంధనంలో నానుతుంది, బయటి వైపు వేడికి ఎండుతుంది. ఎనిమిది పదేళ్లకు పైపు గట్టిపడి, క్లిప్పు కింద సన్నటి పగుళ్లు మొదలవుతాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది. గట్టిపడ్డ పైపు చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ కారుతుంది. ఇంజిన్ వేడెక్కితే రబ్బరు కాస్త మెత్తబడి, ఉబ్బి పగులును మూసేస్తుంది. అందుకే పొద్దున స్టార్ట్ చేయగానే పెట్రోలు వాసన కొట్టి, పది నిమిషాలకు పోతుంది. వాసన పోయింది కదా అని బండి తోలేస్తారు. ఆ పది నిమిషాల వాసనను మించిన హెచ్చరిక ఉండదు.

కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్‌ఐ బండికీ ఈ విషయంలో చాలా తేడా ఉంది. కార్బురేటర్‌లో గాలి పీల్పుకే పెట్రోలు కలుస్తుంది, ఎంపీఎఫ్‌ఐలో ఇంజెక్టర్లు ఒత్తిడితో చిమ్ముతాయి. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మొదటి తరం మారుతి 800లలో ఇంజినే తిప్పే పంపు ఇచ్చే ఒత్తిడి పావు బార్ చుట్టూ ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి). పైపు పగిలితే పెట్రోలు చుక్కలుగా కారుతుంది, కొంత టైమిస్తుంది. ఎంపీఎఫ్‌ఐలో ఒత్తిడి సుమారు 3 బార్‌లు. అక్కడ సూది బెజ్జమంత పగులు పడినా పెట్రోలు పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపర గాలిలో కలిసిన క్షణంలోనే మండడానికి సిద్ధం. ఇంజిన్ ఆపినా లైనులో ఒత్తిడి చాలాసేపు నిలిచే ఉంటుంది.

కార్బురేటర్ పైపు తెచ్చి ఎంపీఎఫ్‌ఐ బండికి వేయడం చిన్న షెడ్లలో ఇప్పటికీ జరిగే తప్పు. రెండూ నల్లగానే ఉంటాయి, సైజూ ఒకటే. తేడా పైపు మీద అచ్చయిన అక్షరాల్లో ఉంటుంది. ఇంజెక్షన్ బండికి 'జె30 ఆర్9' అని ఉన్న పైపు కావాలి. దానిలోపల ఇంధనానికి చెడని ఫ్లోరోఎలాస్టమర్ పొర ఉంటుంది. ఏ అక్షరాలూ లేని పైపు మీటరు లెక్కన చవకగా దొరుకుతుంది. అది నీళ్ల మోటారుకు వాడుకోవడం మేలు.

క్లిప్పు సంగతీ అంతే. స్క్రూతో బిగించే మామూలు క్లిప్పులో పట్టీకి గాట్లు ఉంటాయి. గట్టిగా తిప్పితే ఆ గాట్లు రబ్బరును కోస్తాయి. అంచులు పైకి మడిచి, గాట్లు లేకుండా నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు వేరుగా దొరుకుతాయి. పైపు మారిస్తే క్లిప్పు కూడా మార్చాల్సిందే.

ఇథనాల్ సంగతి తర్కం లేకుండా భయపెట్టేలా ప్రచారమైంది గాని అందులో కొంత నిజం ఉంది. 2025 నాటికి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ మోతాదును తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 2023 ఏప్రిల్ తర్వాతి బళ్లకు వస్తున్నాయి. అంతకుముందు కార్బురేటర్ కాలంలో వేసిన నైట్రైల్ రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు (లోపలి రబ్బరు పొరలు), ఓ-రింగులు ఇథనాల్‌కు ఉబ్బుతాయి. బండి నెలల తరబడి వాడక ఆరితే అవే ముడుచుకుని పగులుతాయి. ఇథనాల్ కారుకు నిప్పు పెట్టదు. పాత రబ్బరు చావును ముందుకు జరుపుతుంది, అంతే. ఏటా ఒకసారి పైపులు చూసుకునేవాళ్లు ఆరు నెలలకోసారి చూసుకుంటే సరిపోతుంది.

చూడటం ఎలా? ఇంజిన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తి, ట్యాంకు నుంచి వచ్చే లైను ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం (రైలు) దాకా వేలితో తడుముతూ రండి. పైపును రెండు వేళ్లతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. గోరు దిగనంత గట్టిగా ఉన్నా, జిగటగా అంటినా మార్చేయండి. మెల్లగా వంచి చూస్తే వంపు బయటి వైపు పగుళ్లు తేలతాయి. క్లిప్పుల కింద తెల్ల కాగితం ముక్క చుట్టి అయిదు నిమిషాల తర్వాత తీసి వాసన చూడండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే వెనక సీటు వైపు వాసన వస్తుంటే ఇంజిన్ దగ్గర వెతకడం దండగ. ట్యాంకు మీద పెట్రోలు మట్టం కొలిచే గేజ్ యూనిట్ ప్యాకింగ్ పోయి ఉంటుంది.

ఎంపీఎఫ్‌ఐ బండిలో పైపు విప్పే ముందు ఒత్తిడి తీయాలి. ఇంధన పంపు రిలే (కాస్త కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేదా ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. తర్వాత మరో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసి, కీలు దగ్గర గుడ్డ చుట్టి విప్పాలి.

కార్బురేటర్ బళ్లకు మరో రెండు రోగాలున్నాయి. కార్బురేటర్ గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ సూది అరిగినా, చెత్త ఇరుక్కున్నా గిన్నె నిండి పెట్రోలు పైనుంచి పొంగి నేరుగా మానిఫోల్డ్ మీదికి జారుతుంది. పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు లోపలికి, ఆయిల్ చాంబర్‌లోకి పోతుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన కొడితే ఆ బండిని స్టార్ట్ చేయనే కూడదు.

పంపు పాడైనప్పుడు ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోసి బానెట్ కింద వేలాడదీసి నడిపే ఉపాయం, స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ గొంతులో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే అలవాటు, ఈ రెండూ ఎన్నో బళ్లను ఊరు చేర్చాయి. కొన్నింటిని బూడిదా చేశాయి. కారణం చిన్నది. పెట్రోలు పోయడానికి ఎయిర్ ఫిల్టరు డబ్బా తీస్తారు. ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు, అంటే కార్బురేటర్ లోంచి మంట పైకి ఎగిసినప్పుడు, దాన్ని అడ్డుకునేది ఆ డబ్బానే. డబ్బా లేదు, పక్కన పెట్రోలు సీసా ఉంది. మిగతాది చెప్పనక్కర్లేదు.

పన్నెండు వోల్టులేం చేస్తాయి?

పన్నెండు వోల్టులు మనిషికి షాక్ కొట్టవు. అందుకే కారు వైరింగ్‌ను ఎవరూ పట్టించుకోరు. కాని వైరును కాల్చేది వోల్టు కాదు, కరెంటు. ఛార్జింగ్ నిండిన కారు బ్యాటరీ షార్ట్ అయిన క్షణంలో వందల ఆంపియర్లు వదలగలదు. మందపాటి తీగ కూడా ఎర్రబడుతుంది.

చేతికి అందే ఉదాహరణ హెడ్‌లైట్లు. కంపెనీ ఇచ్చిన 55 వాట్ల బల్బులు రెండూ కలిసి 9 ఆంపియర్లు తీసుకుంటాయి. నాగర్‌కర్నూల్, దేవరకొండ లోపలి రోడ్ల మీద రాత్రి వెలుతురు చాలక వాటి స్థానంలో 100 వాట్లవి వేయిస్తారు. ఇప్పుడు కరెంటు 16 ఆంపియర్లు దాటింది. వైరు పాతది, స్విచ్ పాతది, కనెక్టరు పచ్చగా తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పు అడ్డు ఓమ్‌లో పదో వంతు అనుకున్నా, మొదట ఆ కీలు దగ్గర పుట్టే వేడి 8 వాట్లు, ఇప్పుడు సుమారు 25 వాట్లు. కరెంటు రెట్టింపు కాకముందే వేడి మూడు రెట్లయింది. 25 వాట్లంటే రేడియో బాగుచేసేవాళ్ల సోల్డరింగ్ ఐరన్. దాన్ని స్విచాన్ చేసి డాష్‌బోర్డు వెనక, ప్లాస్టిక్ మధ్యలో పెట్టి హైదరాబాద్ దాకా ప్రయాణం చేస్తున్నట్టు.

ఇక్కడ ఫ్యూజు కాపాడదు. ఎందుకంటే కరెంటు దాని హద్దు దాటలేదు, వేడి ఒక్క కీలు దగ్గరే ఉంది. దాటినచోట ఏం చేస్తారో తెలిసిందే: 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు రెండుసార్లు పోతే 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడతారు, లేదా సిగరెట్ డబ్బాలోని వెండి కాగితం చుడతారు. ఫ్యూజు ఉండేది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఫ్యూజు పెద్దదయితే కాలాల్సిన బాధ్యత వైరు మీద పడుతుంది. ఎక్కువ వాట్లు కావాలంటే బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు, బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, మధ్యలో రిలే వేయించాలి. అప్పుడు డాష్‌బోర్డు స్విచ్‌కు రిలేను లాగే కాస్త కరెంటు మాత్రమే అందుతుంది.

మ్యూజిక్ సిస్టం, వూఫర్, ఫాగ్ లైట్లు, రివర్స్ కెమెరా, సెంట్రల్ లాక్: పాత బండికి ఒక్కో యజమాని ఒక్కోటి చేర్చుతాడు. ఒక్కోదానికీ ఉన్న వైరు తొక్క గీకి, మెలేసి, టేపు చుడతారు. మన ఎండలకు టేపు జిగురు రెండు వేసవుల్లో కరిగి జారుతుంది. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో కొత్త బెజ్జం కొట్టి, అంచుకు రబ్బరు బుష్ వేయకుండా వైరు లాగితే, ప్రతి గుంతకూ ఆ రేకు అంచు వైరును కాస్త కాస్త కోస్తూ పోతుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినడం కంటే ముందు స్టీరింగ్ కింద తల పెట్టి ఎన్ని టేపు ముళ్లున్నాయో లెక్కపెట్టుకోవడం తెలివైన పని.

ఎక్కువమందికి తెలియని కారణం ఎర్త్ పట్టీ. సెల్ఫ్ మోటారుకు వెళ్లే వందకు పైగా ఆంపియర్లు బ్యాటరీకి తిరిగి రావడానికి ఇంజిన్ నుంచి బాడీకి అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. అది తుప్పు పట్టి తెగితే కరెంటు ఆగదు, వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో, ఏదో సన్న వైరో ఆ భారం మోస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా యాక్సిలరేటర్ బిగుసుకుపోతున్నా, కేబుల్ తొడుగు కరిగినా మెకానిక్ కేబుల్ మారుస్తాడు. రోగం అక్కడ లేదు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టులు చూపితే మంచిది. అర వోల్టు దాటితే పట్టీ విప్పి, రెండు కొనలూ గీకి బిగించండి. అంతటితో తగ్గకపోతే మార్చండి.

బ్యాటరీని పట్టి ఉంచే బిగింపు కూడా చూడండి. చాలా పాత బళ్లలో అది ఉండదు, కొబ్బరితాడు ఉంటుంది. గుంతలో బ్యాటరీ ఎగిరి పాజిటివ్ బానెట్ రేకుకు తగిలితే మధ్యలో ఏ ఫ్యూజూ లేదు.

ఆయిల్, డీజిల్

ఇంజిన్ తల మీది మూత, అంటే ట్యాపెట్ కవర్, ప్యాకింగ్ నుంచి ఆయిల్ చెమర్చడం పాత బళ్లలో ఎంత మామూలంటే దాన్ని రోగంగా ఎవరూ లెక్కించరు. పక్కకు, బ్లాకు మీదికి కారితే నిజంగానే నష్టం తక్కువ. మానిఫోల్డ్ వైపు కారితే మాత్రం కాలిన నూనె వాసన, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బానెట్ అంచు నుంచి సన్నటి నీలిపొగ వస్తాయి. ఈ పొగ నెలల తరబడి వచ్చి, ఒకరోజు గడ్డ ఎక్కేటప్పుడు మంటవుతుంది. ప్యాకింగ్ ఖరీదు తక్కువే. పాత ప్యాకింగ్ మీద సీలెంట్ పూసి సరిపెట్టడం ఆరు నెలలు కూడా ఆగదు. బ్రేక్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఇంతే. రెండూ వేడి లోహం మీద పడితే మండుతాయి.

డీజిల్ బండి అంటుకోదన్న ధీమా సరైంది కాదు. రవ్వకు డీజిల్ పెట్రోలంత తొందరగా లొంగదు, అది నిజం. కాని వేడి లోహం మీద పడ్డప్పుడు తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత పెట్రోలు కంటే డీజిల్‌కే తక్కువ. పాత డీజిల్ బళ్లలో ఇంజెక్టర్ల తల మీదుగా నూలు అల్లిక తొడుగున్న సన్నటి రిటర్న్ పైపులు పోతాయి. అవి ఎండి పగిలితే తల భాగమంతా తడిసి మెరుస్తుంటుంది. మీటరు పైపు తెచ్చి నాలుగూ ఒకేసారి మార్చడం పావుగంట పని. కామన్ రైల్ బండిలో, అంటే ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే బండిలో, హై ప్రెషర్ లైను లీకుంటే మాత్రం చేత్తో తడిమి వెతకొద్దు. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్‌లు కూడా దాటుతుంది, చిమ్మే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

నిలిపాక ఎందుకు?

మన్ననూరు దాటి నల్లమలలోకి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కిన పాత బండి పైకి చేరి, పార్కింగ్‌లో నిలిపిన అయిదు పది నిమిషాలకు పొగలు కక్కడం వింతగా అనిపిస్తుంది. నడిచినంతసేపూ ఏమీ కాలేదు, ఆగాక ఎందుకు?

నడుస్తున్నప్పుడు గాలి ఇంజిన్ గదిని కడుగుతూ ఉంటుంది, నీళ్లు వేడిని మోసుకుపోతుంటాయి, కారిన ఆవిరి చెదిరిపోతుంది. తాళం తిప్పగానే ఇవన్నీ ఆగిపోతాయి. మానిఫోల్డ్‌లో దాగిన వేడి చుట్టుపక్కలకు పాకి, బానెట్ కింద ఉష్ణోగ్రత పది పదిహేను నిమిషాల పాటు పెరుగుతూనే ఉంటుంది. కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఉడికి పొంగుతుంది, చెదరాల్సిన ఆవిరి నిలిచిపోతుంది. 'ఎండలో నిలిపిన కారు దానంతటదే తగలబడింది' అనే వార్తల్లో కొన్నింటి వెనక ఉన్నది ఇదే. ఘాటు ఎక్కి వచ్చిన బండిని రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం, ఆపాక బానెట్ కాసేపు ఎత్తి ఉంచడం అందుకే.

ఇంజిన్ మరీ వేడెక్కినప్పుడు పైపు పగిలి చిమ్మే కూలెంట్ కూడా మండగలదని చెబితే నమ్మరు. సగం నీళ్లు, సగం గ్లైకాల్. వేడి మానిఫోల్డ్ మీద నీళ్లు ముందు ఆవిరైపోతాయి, మిగిలిన గ్లైకాల్ మండే పదార్థమే.

గడ్డి, పత్తి, ఎలుకలు

వానాకాలం పంట, యాసంగి పంట కోతలప్పుడు హాలియా, మిర్యాలగూడ చుట్టూ రోడ్డు సగం వడ్లకే పోతుంది. వరిగడ్డి మీదుగా తోలిన కారు కింద పోచలు సైలెన్సర్‌కు, దాని ముందుండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చుట్టుకుంటాయి. కన్వర్టర్ మామూలుగానే 400 డిగ్రీల పైన నడుస్తుంది. ఒక ప్లగ్గు సరిగా కొట్టక ఇంజిన్ మిస్ అవుతుంటే కాలని పెట్రోలు కన్వర్టర్‌లో కాలి, అది ఎర్రగా మెరిసేంత వేడెక్కుతుంది. మిస్ అవుతున్న బండిని ఎండుగడ్డి మీద నిలపడం ప్రమాదాన్ని పిలిచి కూర్చోబెట్టడమే. కోతల రోజుల్లో ఇంటికి చేరాక, బండి చల్లారాక, ఒకసారి కిందికి వంగి పోచలు లాగేయండి.

పత్తి ఏరే కాలంలో వాకిట్లో నిలిపిన బండిలోకి ఎలుకలు పత్తిని మోసుకొచ్చి ఇంజిన్ మీద గూడు కడతాయి. అవే పక్కన వైరు తొక్క కొరుకుతాయి. రవ్వా, దూదీ ఒకేచోట. వారానికి పైగా కదలని బండిని స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడటం తప్పనిసరి. మెకానిక్ మరిచిపోయిన వేస్ట్ గుడ్డ కూడా అప్పుడే దొరుకుతుంది. ఎలుక కంటే మెకానిక్ గుడ్డే ఎక్కువసార్లు దొరుకుతుందంటే ఆశ్చర్యం లేదు.

గ్యాస్ కిట్ల గురించి రెండు మాటలు. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి, ఆ తేదీ పలక మీద ఉంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకయితే పైకి పోదు, డిక్కీ అడుగున, సీటు కింద కూర్చుంటుంది. వంటగ్యాస్ సిలిండర్ నుంచి కారుకు పట్టుకోవడం నేరం. పైగా ఆ పట్టుకునే పైపు కీలు దగ్గరే ఎక్కువ ప్రమాదం.

పొగ కనబడ్డప్పుడు

ముందు పొగను పోల్చుకోండి. తెల్లగా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ ఆవిరి. కాలిన ప్లాస్టిక్ ఘాటు వస్తే వైరింగ్. పెట్రోలు వాసనతో పాటు వస్తే ఆలోచించడానికి టైం లేదు.

ఎడమ పక్కకు తీసి ఆపండి. తాళం ఆపేయండి, ఎంపీఎఫ్‌ఐ బండిలో దాంతో పంపు కూడా ఆగుతుంది. అందరినీ దింపి ముప్పై మీటర్లు దూరం పంపండి. దిగేటప్పుడు తలుపులు లాక్ పడకుండా చూడండి, వైరింగ్ కాలుతుంటే సెంట్రల్ లాక్ మొండికేస్తుంది. పిల్లలున్న బండిలో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి. దెబ్బ అద్దం మధ్యలో కాదు, మూలన కొట్టాలి.

బానెట్ పూర్తిగా ఎత్తొద్దు. గాలి ఒక్కసారిగా దూరి మంట ముఖం మీదికి వస్తుంది. లోపలి లీవరు లాగి, ఏర్పడ్డ సందులోంచే మంటలార్పే పౌడర్ కొట్టాలి. కారులో ఉంచేది ఏబీసీ రకం పౌడర్, ఐఎస్ఐ గుర్తుతో, కనీసం కిలోది. కిలో సిలిండర్ పది సెకన్లలోపే ఖాళీ అవుతుంది. అందుకని ముందు పిన్ను తీసి, దగ్గరికి పోయి, మంట పైభాగాన్ని కాదు, మొదలును చూసి కొట్టాలి. గేజ్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో నెలకోసారి చూస్తే చాలు. దాన్ని డిక్కీలో సామాన్ల కింద పెట్టేవాళ్లే ఎక్కువ. ఉండాల్సింది ముందు సీటు కింద, బిగింపుతో.

పెట్రోలు మంట మీద బిందెడు నీళ్లు పోస్తే పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను టైర్ల కిందికి మోసుకుపోతుంది. ఇసుక, మట్టి నయం. ఒక సిలిండర్‌తో ఆరకపోతే అక్కడితో వదిలి దూరం జరగండి. ఫైర్ ఇంజిన్‌కు 101, అన్ని అత్యవసరాలకు 112, జాతీయ రహదారి మీద అయితే 1033.

ఆరిపోయిందనుకున్నాక కూడా వైరు లోపల వేడి, లైనులో ఒత్తిడి ఇంకా ఉంటాయి. లోహం చేతికి చల్లగా తగిలేదాకా బానెట్ పూర్తిగా ఎత్తకండి. ఎత్తగానే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, సెల్ఫ్ కొట్టి చూడకండి. లాక్కొచ్చి నిలిపే చోట పక్కన గడ్డివాము గాని, పశువుల కొట్టం గాని లేకుండా చూసుకోండి.